దేవణి దూడ తెర మీద నడిస్తే



సంగారెడ్డి జిల్లాకు పడమటి కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని న్యాల్‌కల్ మండలం ఉంది. అటు బీదర్, లాతూర్ జిల్లాలు, ఇటు జహీరాబాద్ ప్రాంతం. ఈ నేలంతటికీ ఉమ్మడి ఆస్తి ఒకటుంది. అది దేవణి పశువు. లాతూర్ జిల్లాలోని దేవణి అనే ఊరి పేరే ఆ జాతికి స్థిరపడింది. ఎద్దు సేద్యానికి, ఆవు పాడికి, రెండు విధాలా పనికొచ్చే జాతి. ముందుకు ఉబికిన నుదురు, కిందికి వేలాడే పొడవాటి చెవులు, గొంతు కింద మడతలు పడిన గంగడోలు, మెడ వెనక నిండైన మూపురం దీని ఆనవాళ్లు. ఒంటి రంగును బట్టి ఇందులో మూడు తీర్లున్నాయి. ఒళ్లంతా తెల్లగా ఉంటే బాలంక్య. తెల్లటి ఒంటికి ముఖం మీద మాత్రం కొంత నలుపు ఉంటే వన్నేరా. తెలుపు మీద నల్ల మచ్చలు చెదురుమదురుగా పడితే శేవెరా.

బొమ్మలు గీసేవాళ్ల కళ్లతో ఈ మూడింటినీ చూడండి. ఉన్నవి రెండే రంగులు. ఆ రెండింటి పంపకం మారేసరికి మూడు వేర్వేరు ముఖాలు, మూడు వేర్వేరు స్వభావాలు తోస్తాయి. ముఖాన నలుపున్న వన్నేరా దూడ ఏదో అల్లరి చేసి వచ్చినట్టుంటుంది. మచ్చల శేవెరా ఒకచోట నిలవనిదిలా కనిపిస్తుంది. తెల్లటి బాలంక్య ఇద్దరికీ పెద్దక్కలా తోస్తుంది. కార్టూను కథకు కావలసిన ముగ్గురు తోబుట్టువులు ఒకే కొట్టంలో దొరికినట్టే.

జంతువును నాలుగు గీతలతో, నాలుగు రంగులతో చదునైన బొమ్మగా ఎలా మలుస్తారు, ఆ బొమ్మకు నడక ఎలా నేర్పుతారు, ఆ పనికి న్యాల్‌కల్ లాంటి చోట ఏమేం అందుబాటులో ఉన్నాయి అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

యానిమేషన్ వాళ్లు ఫ్లాట్ శైలి అని పిలిచే బొమ్మలో వెలుగునీడలు ఉండవు. గుండ్రదనం చూపించే షేడింగ్ ఉండదు. వెంట్రుకలు విడివిడిగా గీయరు. ఒక్కో భాగానికి ఒక్కో రంగు, అంతే. 1955లో నెదర్లాండ్స్ చిత్రకారుడు డిక్ బ్రూనా ‘మిఫీ’ అనే కుందేలును గీశారు. కళ్లకు రెండు చుక్కలు, నోటికి గుణకారం గుర్తు. ఆ కుందేలు ఎటు నడుస్తున్నా ముఖం మాత్రం బొమ్మ చూస్తున్న పిల్లల వైపే ఉంటుంది. 2004లో బ్రిటన్‌లో మొదలైన ‘పెప్పా పిగ్’ పద్ధతి వేరు. ఆ పందిపిల్ల ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, అయినా రెండు కళ్లూ మనకు కనిపించే వైపే ఉంటాయి. ప్రకృతిలో అలా ఉండదు. కానీ చూసే పిల్లవాడికి ఎక్కడా అనుమానం రాదు.

2018లో ఆస్ట్రేలియాలో వచ్చిన ‘బ్లూయీ’ దగ్గర కాసేపు ఆగాలి. అందులో ప్రధాన పాత్ర బ్లూ హీలర్ జాతి కుక్కపిల్ల. ఆ దేశంలో పశువుల మందలను అదిలించడానికి పెంచుకునే కుక్క అది. బ్రిస్బేన్ నగరంలోని లూడో స్టూడియో ఆ కుక్క ఒంటి మీది ముదురు, లేత నీలి మచ్చలనే తీసుకొని, దాదాపు పలకల్లాంటి ఆకారాల్లో అమర్చింది. కథ కూడా బ్రిస్బేన్ ఇళ్లలో, పెరళ్లలో, పార్కుల్లోనే జరుగుతుంది. తమ ఊరి కుక్కను తమ ఊరి ఎండలోనే చూపించారు. దాన్ని ప్రపంచమంతా చూసింది. మందల వెంట తిరిగే కుక్కకు ఆ గౌరవం దక్కినప్పుడు, మందలో ఉన్న దేవణి దూడకు ఎందుకు దక్కకూడదు?

చదును బొమ్మ తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. తోలుబొమ్మలాట ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లోనే ఉంది. అంటే 13వ శతాబ్దం నాటికే ఆ ఆట జనంలో ఉన్నదన్నమాట. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న నిమ్మలకుంట ఈ కళకు పేరుపడిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఒక తోలుబొమ్మను చేతిలోకి తీసుకొని చూస్తే యానిమేషన్ పాఠం సగం అర్థమవుతుంది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా తయారుచేస్తారు. దాని మీద బొమ్మ గీసి, అంచులు కత్తిరించి, రంగులు వేసి, నగలూ అంచులూ ఉండాల్సిన చోట చిన్నచిన్న రంధ్రాలు పొడుస్తారు. దీపం వెలుగు ఆ రంధ్రాల్లోంచి చుక్కలుగా తెర మీద పడుతుంది. తల, భుజం, మోచేయి, మోకాలు విడివిడి ముక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి, కీలు దగ్గర దారంతో ముడివేస్తారు. ముడి మరీ బిగిస్తే చేయి ఆడదు, మరీ వదులైతే వేలాడిపోతుంది. నిలువునా ఒక బద్ద బొమ్మను నిలబెడుతుంది, చేతులకు కట్టిన పుల్లలు వాటిని ఆడిస్తాయి. రామాయణం ఆటలో మాయలేడి గంతులు వేసేది, హనుమంతుడు ఎగిరేది ఈ ముడుల బలంతోనే.

ఇప్పుడు కంప్యూటర్‌లో కటౌట్ యానిమేషన్ అంటున్నది కూడా ఇదే పద్ధతి. బొమ్మను ముక్కలుగా గీసి, ఒక్కో ముక్కనూ ఒక్కో పొరలో పెట్టి, కీలు ఉండే చోట ఒక బిందువు గుర్తిస్తారు. ఆ ముక్క ఆ బిందువు చుట్టూనే తిరుగుతుంది. పెప్పా పిగ్, బ్లూయీ రెండూ ఇలా ముక్కలు కలిపి ఆడించే సాఫ్ట్‌వేర్‌తో తయారైనవే. దారం ముడి ఉన్న చోట తెర మీద ఒక చుక్క వచ్చింది.

రంగుల విషయంలో పాఠం చెప్పేది చేర్యాల. సిద్దిపేట జిల్లాలోని ఆ ఊరి నకాషీ చిత్రకారులు పటం మీద కులపురాణాలు గీస్తూ వచ్చారు. వెనకంతా నిండు ఎరుపు, దాని మీద పసుపు, నీలం, తెలుపు వంటి కొద్దిపాటి రంగులు, చుట్టూ సన్నని నల్లటి గీత. నీడలు లేవు, దూరం దగ్గర అనే తేడా లేదు. అయినా రాత్రిపూట పటం చూపి కథ చెబితే దూరంగా కూర్చున్నవాడికి కూడా ఎవరు రాజో, ఎవరు బంటో తెలిసిపోతుంది. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రటి నేలల మీద తెల్లటి దేవణి దూడ నిలబడితే అచ్చం ఆ పటంలోని పొందికే కళ్లకు కడుతుంది.

బొమ్మలను కదిలించే నైపుణ్యానికి ఈ రాష్ట్రంలో పరిశ్రమ కూడా ఉంది. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను నెలకొల్పారు. 2008లో ఆ సంస్థ ‘ఛోటా భీమ్’ పోగో చానెల్‌లో మొదలైంది. అందులో భీముడి స్నేహితుడు జగ్గు అనే కోతి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’లో మాటలు దాదాపు ఉండవు, అంతా చేష్టలతోనే నడుస్తుంది. న్యాల్‌కల్ నుంచి హైదరాబాద్‌కు కొన్ని గంటల బస్సు ప్రయాణమే. అక్కడ బొమ్మలు కదిలించే ఉద్యోగం ఉందని ఇక్కడి బడి పిల్లల్లో ఎందరికి తెలుసో ఉపాధ్యాయులు ఒకసారి అడిగి చూడాలి.

ఇక పనిలోకి వద్దాం. మొదటి పని గీయడం కాదు, చూడటం. కొట్టం దగ్గర కూర్చొని దూడను పక్క నుంచి, ముందు నుంచి, వెనక నుంచి చూడాలి. పుస్తకంలో త్వరత్వరగా చిన్న బొమ్మలు వేసుకోవాలి. తరవాత వదిలేయాల్సినవేమిటో తేల్చుకోవాలి. పక్కటెముకలు, వెంట్రుకలు, కండరాలు పోయినా పర్వాలేదు. ఉబికిన నుదురు, వేలాడే చెవి, గంగడోలు, మూపురం పోతే మాత్రం అది దేవణి కాదు. దూడకు మూపురం, కొమ్ములు అప్పుడప్పుడే మొలకెత్తుతుంటాయి కనుక వాటి చోట చిన్న బుడిపెలు చాలు. గంగడోలుకు ఒక్క అలలాంటి గీత. చెవికి ఆకు ఆకారం. ఒంటికి కొంచెం నలుచదరమైన కోడిగుడ్డు ఆకారం. కాళ్లు నాలుగు నిలువు పట్టీలు, చివర గిట్టలకు నల్లటి ముక్క.

గీశాక ఒక పరీక్ష పెట్టాలి. బొమ్మంతటినీ నల్లరంగుతో నింపేయాలి. అప్పుడు కూడా ఇంటిల్లిపాదీ దాన్ని దూడ అంటే పాసైనట్టు. కుక్క అన్నా, గాడిద అన్నా చెవో నుదురో మళ్లీ గీయాలి. తోలుబొమ్మను చేసేవాళ్లకు ఈ పరీక్ష ఎలాగూ తప్పదు. తెర వెనక ఆకారమే అక్కరకు వచ్చేది.

రంగులు నాలుగైదు దాటకూడదు. అచ్చ తెలుపు కంటే పాల మీగడ రంగు కళ్లకు హాయిగా ఉంటుంది, కళ్లలోని తెల్లగుడ్డు కూడా విడిగా కనిపిస్తుంది. మచ్చలకు కటిక నలుపు బదులు బొగ్గు రంగు, ముట్టెకు బూడిద రంగు, మెడ పట్టెడకు ఎరుపు, గంటకు ఇత్తడి పసుపు. కంటి తెలుపు కాక ఈ ఐదే. ఎరుపు ఒక్కచోటే ఉంది కనుక దూడ ఎంత గంతులేసినా చూపు ఆ పట్టెడ వెంటే, ముఖం వెంటే వెళుతుంది.

ముక్కలు చేసేటప్పుడు కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. పశువు వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. అది నిజానికి మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర దాగి ఉంటుంది. ముందుకాలి మధ్యలో కనిపించేది మనిషి మణికట్టుకు సాటి. పశువు అంటే తన వేళ్ల కొసల మీద నడిచే జీవి. ఇది తెలిసినవాడు గీసిన కాలు సరిగ్గా వంగుతుంది. తెలియనివాడు గీసిన కాలు, ఎన్ని రంగులు వేసినా, మేజాబల్ల కాలులాగే ఉంటుంది.

సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు. చేతితో చేసే యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు సరిపోతాయి. నిమ్మళంగా నడిచే ఆవు నాలుగు కాళ్లూ ఒక చుట్టు వేయడానికి సెకనుకు కొంచెం పైనే తీసుకుంటుంది. కాబట్టి 16 బొమ్మలు గీస్తే నడక ఒక చుట్టు పూర్తవుతుంది. వాటినే మళ్లీ మళ్లీ తిప్పితే దూడ ఊరి చివరిదాకా నడుస్తుంది.

కాళ్ల వరస ముఖ్యం. పశువు నడకలో ఎడమ వెనక కాలు, తరవాత ఎడమ ముందు కాలు, తరవాత కుడి వెనక కాలు, ఆపైన కుడి ముందు కాలు పడతాయి. నాలుగు అడుగులకు నాలుగు చప్పుళ్లు. అదే దుడుకు నడకలో, అంటే చిన్నగా పరుగెత్తేటప్పుడు, ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడి రెండే చప్పుళ్లు వినిపిస్తాయి. ఇది కంటితో చూసి చెప్పడం కష్టం. అందుకే 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అమెరికాలో పరుగెత్తే గుర్రాన్ని వరసగా అమర్చిన కెమెరాలతో ఫోటోలు తీశారు. 1887లో ‘యానిమల్ లోకోమోషన్’ పేరుతో 781 ఫోటో ఫలకాలు వెలువరించారు. యానిమేటర్లు వాటిని ఇప్పటికీ ముందు పెట్టుకొని పనిచేస్తారు. ఇప్పుడైతే ఆ శ్రమ లేదు. మేతకు వెళ్లే పశువును ఫోనులో స్లోమోషన్‌లో తీసి ఒక్కో ఫ్రేమూ ఆపి చూసుకుంటే చాలు.

కాళ్లు సరిగ్గా పడినంత మాత్రాన ప్రాణం రాదు. దూడ అడుగు వేసినప్పుడు తల కొంచెం కిందికి దిగి లేస్తుంది. ఒళ్లు ఆగాక కూడా గంగడోలు ఒకటి రెండు ఊపులు ఊగుతుంది. చెవులు తల కంటే ఒక క్షణం ఆలస్యంగా కదులుతాయి. గంట మరికాస్త ఆలస్యంగా మోగుతుంది. గంతు వేయబోయే ముందు దూడ వెనక్కి ఒరిగి, నడుము కిందికి దించుతుంది. చూసేవాడికి ఇప్పుడు ఎగురుతుందని అప్పుడే తెలుస్తుంది. డిస్నీ స్టూడియోలో జీవితమంతా పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. ఈ వెనక్కి ఒరగడం, ఈ ఆలస్యపు ఊపు ఆ సూత్రాల్లోనివే. పశువులతో పెరిగిన పిల్లలకు వీటిని పుస్తకంలోంచి నేర్పనక్కర్లేదు. ఈగ వాలితే చర్మం ఒక్కచోటే ఎలా జలదరిస్తుందో, తోక ఏ వైపు నుంచి వచ్చి కొడుతుందో వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

మరి సంతోషం, భయం, అలక ఎలా చూపాలి? దూడ నవ్వదు. దానికి మనిషి పెదవులు అతికిస్తే దూడతనం పోతుంది. 2012లో వచ్చిన రాజమౌళి సినిమా ‘ఈగ’కు ఇదే చిక్కు ఎదురైంది. ఈగ ముఖంలో హావభావాలు పలకవు. హైదరాబాద్‌లోని మకుట సంస్థ నిపుణులు ఒంటి కదలికలతోనే కోపాన్నీ, పట్టుదలనూ చూపించారు. ఒక బల్లదీపం వంగి, లేచి, తల తిప్పి భావాలు పలికించిన పిక్సార్ వారి చిన్న చిత్రం ‘లక్సో జూనియర్’ వాళ్లకు దారి చూపింది. 1986 నాటి ఆ చిత్రంలో దీపానికి కళ్లూ లేవు, నోరూ లేదు. ఇటీవల లాత్వియా దేశపు ‘ఫ్లో’ సినిమాలో పిల్లి, కుక్క మొదలైన జంతువులు ఒక్క మాట కూడా మాట్లాడవు. 2025లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

దేవణి దూడకు భావాలు పలికించే పని చేసిపెట్టేవి చెవులు. రెండూ ముందుకు వస్తే ఏదో విన్నదన్నమాట. వెనక్కి వాలితే బెదిరింది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటే ఎటూ తేల్చుకోలేకపోతోంది. తోక నిలువుగా లేచిందంటే ఇక పరుగే. ఒకసారి కనురెప్ప వేయడానికి నాలుగైదు ఫ్రేములు చాలు. అదే పది ఫ్రేములు చేస్తే నిద్ర ముంచుకొచ్చిందని చూసేవాళ్లు గ్రహిస్తారు.

కెమెరా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలోనే జవాబుంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ పొలాల మీద, తమ విత్తనాల మీద తామే సినిమాలు తీశారు. పై నుంచి కిందికి చూసే షాటును వాళ్లు పటేల్ షాట్ అన్నారు. ఎదుటివారి కళ్ల ఎత్తులో పెట్టి తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు. దూడ కథకు కావలసింది ఆ సంఘం షాటే. చూపు దూడ కళ్ల ఎత్తుకు దిగితే గడ్డిపోచ పెద్దదవుతుంది, తొట్టి గోడ కొండవుతుంది, పిల్లవాడి ముఖం సరిగ్గా ఎదురుగా వస్తుంది.

గొంతు కూడా ఈ నేలదే కావాలి. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో ఆ మహిళలే నడిపే సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. తెలుగులో ఉర్దూ, కన్నడ, మరాఠీ కలగలిసిన జహీరాబాద్ మాట అందులో యథాతథంగా వినిపించింది. దూడ తల్లి తన బిడ్డను పిలిచినా, కాపరి అదిలించినా ఆ యాసలోనే ఉండాలి. మాటకు పెదవులు కలపాల్సిన మనిషి పాత్రలుంటే తెలుగు ఆ పనిని తేలిక చేస్తుంది. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు నోటి ఆకారాలు, ప, బ, మ పలికేందుకు మూసిన నోరు ఒకటి. ఈ ఆరు బొమ్మలు గీసుకుంటే ఎంత సంభాషణైనా నడిపించవచ్చు.

కథకు కొదవ లేదు. సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతుంది. జొన్న, సజ్జ, కొర్ర, కంది విత్తనాలు నింపిన కుండలను అలంకరించిన బండ్లలో పెట్టుకొని సంఘాల మహిళలు పాటలతో కదులుతారు. బండి వెనకే తల్లిని వెతుక్కుంటూ వచ్చిన ఒక మచ్చల దూడ. రెండు నిమిషాల సినిమాకు ఇంతకన్నా ఏం కావాలి?

ఖర్చు గురించి భయపడనక్కర్లేదు. కంప్యూటర్ ఉన్న బడిలో ఇంక్‌స్కేప్‌తో బొమ్మ గీయవచ్చు, ఓపెన్‌టూంజ్‌తోనో సిన్‌ఫిగ్‌తోనో కదిలించవచ్చు. క్రితా, బ్లెండర్ కూడా ఉన్నాయి. ఇవన్నీ ఉచితం. ఆస్కార్ తెచ్చుకున్న ‘ఫ్లో’ బ్లెండర్‌తోనే తయారైంది. కంప్యూటర్ లేకపోతే పెళ్లిపత్రికల అట్టలు, కత్తెర, దారం, ఒక ఫోను చాలు. దూడను ముక్కలుగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారంతో ముడివేసి, నిండు రంగు కాగితం మీద పడుకోబెట్టాలి. ఫోనును పైన కదలకుండా బిగించాలి. కిటికీ వెలుతురు గంటగంటకూ మారుతుంది కనుక కిటికీ మూసి బల్బు వెలిగించాలి. ముక్కను కొద్దిగా జరపడం, ఒక ఫోటో తీయడం. సెకనుకు 12 ఫోటోల లెక్కన పది సెకన్ల సినిమాకు 120 ఫోటోలు. నలుగురు పిల్లలు పని పంచుకుంటే ఒక ఆదివారం పని.

న్యాల్‌కల్ మండలంలోని ఉపాధ్యాయులకు, సర్పంచులకు, చదువుకుంటున్న యువతకు ఒక విన్నపం. వచ్చే ఏరువాక పున్నమికి ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసే రోజున పిల్లల చేతికి పుస్తకం, పెన్సిలు ఇచ్చి కొట్టాల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు గీసిన వాటిలోంచి ఒక దూడను ఎంచి, అట్ట ముక్కలతో పది సెకన్లు నడిపించండి. ఆ పది సెకన్లను ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద అందరికీ చూపించండి.